వస కాని కొమ్ము

కొండ తోట, హిమాచల్ ప్రదేశ్
9 అక్టోబరు 2023

మామా,

వందనాలు. నీకు ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందో లెక్క పెట్టుకుంటే సిగ్గేసింది. ఫోను నువ్వు ఎత్తవు, ఎత్తినా వినపడదు. చెల్లి స్వప్నను అడిగితే "మామ బాగున్నాడులే" అని ఒక్క ముక్కతో తేల్చేస్తుంది. అమ్మ పోయాక మా అక్కచెల్లెళ్లను పెంచినవాడి సంగతి తెలుసుకోవడానికి నాకు ఆ ఒక్క ముక్క చాలదు. అందుకే పెన్ను పట్టాను.

మా మొక్కల పరిశోధన తోటలో సిగ్నల్ లేదు. ఫోను చేయాలంటే పద్నాలుగు కిలోమీటర్లు దిగి కింది పల్లెకు పోవాలి. ఇంకో నెల పోతే ఆ పల్లె అవతలి కనుమ దారి మంచుతో మూసుకుపోతుంది. శీతాకాలమంతా మొక్కలకు కాపలాగా ఇద్దరమే ఉంటాం. ఏప్రిల్ దాకా కదలడానికి లేదు, టపా మాత్రం మంచు దారి తెలిసిన మనుషులు ఎప్పుడైనా కాలినడకన మోస్తారు.

నా పని అడవి ఐరిస్ మొక్కలతో. కంట్లో నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు వలయాన్ని ఐరిస్ అంటారు చూడు, ఈ పువ్వుకూ అదే పేరు. మూడు రేకులు పైకి నిలబడతాయి, మూడు కిందికి వాలతాయి. వాలిన రేకు మీద మెత్తటి నూగు. ఎక్కువగా ఊదారంగు. ఒక్కో కొండ మీద ఒక్కో రకం. ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకోవడం చాలా సులువు.

మా తోట డ్రైవరు రాఘవేంద్రది మన వైపు మాధవరమే. సెలవుకు ఊరికి వస్తున్నాడు. అతని చేతికి ఒక పొట్లం ఇచ్చాను. నాలుగు దుంపకొమ్ములు. ఇసుక కలిపిన మట్టిలో, కొమ్ము వీపు పైకి కనిపించేలా నాటు. నీళ్లు తక్కువ పొయ్యి. యెమ్మిగనూరు ఎండకు బతుకుతాయన్న ఆశ లేదు కానీ, నీ చెయ్యి పడితే ఏమో. ఆకు వచ్చాక చూడు, అత్తమ్మ బావి దగ్గర పెంచిన వసే మళ్లీ మొలిచిందనుకుంటావు.

కళ్లు జాగ్రత్త. రాత్రిళ్లు చదవొద్దు.

నీ పెద్ద మేనకోడలు,
కృప

*

యెమ్మిగనూరు
2 నవంబరు 2023

కృపమ్మకు,

దీవెనలు. రాఘవేంద్ర తానే స్వయంగా వచ్చి పొట్లం ఇచ్చి వెళ్లాడు. చాలాసేపు మాట్లాడాడు పాపం. నాకు పెదవులు కదలడం మాత్రమే కనిపించింది. మీసాలున్నవాళ్ల మాట చదవడం కష్టం. చివరికి పలక అందించాను. "మీ కృప ఆడ పెద్ద పని చేస్తాంది సార్, పుస్తకాలు చూసి చెట్లకు పేర్లు చెప్తాది" అని రాశాడు. ఆ పలక రెండు రోజులు తుడవలేదు.

మన వస మూడు కుండీల్లో నాటాను, ఒక కొమ్ము విడిగా ఎండబెట్టాను. ఇది మంచి చోటు నుంచి తెచ్చినదే కదా? బజారు సరుకంటే నాకు నమ్మకం పోయింది. మొన్న ఒక పచారీ కొట్లో కొన్న కొమ్ము విరిస్తే లోపలంతా పొడి, పురుగు.

మన స్వప్న కూతురు సువార్తకు రెండేళ్ల రెండు నెలలు నిండాయి. మీ అమ్మ పేరు పెట్టుకున్న బిడ్డ, మీ అమ్మలాగే కళ్లతోనే ఇల్లంతా తిప్పుతుంది. కానీ ఒక్క మాట లేదు. "అమ్మ" అని కూడా లేదు. స్వప్న అత్త, జోయల్ వాళ్ల అమ్మ, ఊరుకోవడం లేదట. ఆమెకు జవాబు చెప్పలేక స్వప్న ఆదోని నుంచి వచ్చి నా దగ్గర రెండు రోజులుంది. జోయల్ జిన్నింగు మిల్లులో పత్తి సీజను, ఆదివారం కూడా తీరిక లేదు. స్వప్న పలక మీద రాసింది: "మామా, నా బిడ్డ మాట్లాడుతాదా?" నేను "మాట్లాడుతుంది" అని రాశాను. ఇంకేం రాయను?

చలికి కాళ్లకు నూనె రాసుకో.

మామ,
దేవదాసు

*

కొండ తోట
24 నవంబరు 2023

మామా,

నీ ఉత్తరం నిన్న చేరింది. మంచు మొదలైంది, ఈ చీటీ తీసుకుపోయే బండి గంటలో బయలుదేరుతుంది. అందుకే గబగబా రాస్తున్నాను.

"మన వస" అని రాశావు చూడు, నవ్వొచ్చింది. అలాగే పిలుచుకో, ఐరిస్ కంటే ఆ పేరే బాగుంది.

మంచి చోటుదేనా అని అడిగావు. మామా, మా తోటలో అన్నిటికన్నా పెద్ద పాఠం అదే. పేరు రాసి అమ్మే విత్తనాల్లో సగం తప్పు పేర్లే. ఏ కొండ, ఏ వాలు, ఎవరు తవ్వారు, ఏ తేదీ, ఇవన్నీ రాసి ఉన్న మొక్కనే లోపలికి రానిస్తాం. పూత పూసి, రేకూ నూగూ గింజా సరిచూసుకున్నాకే పేరు ఖాయం చేస్తాం. అంతవరకూ దానికి నంబరే. నేను పంపినవి అలా పరీక్షించినవే. నమ్మకంగా పెంచుకో.

సువార్త గురించి. కోపం తెచ్చుకోకుండా విను. పోయిన నెల ఫోనులో స్వప్నకు చెప్పాను, ముందు చెవుల పరీక్ష చేయించమని. "నా బిడ్డను చెవిటిది అంటావా? మామను చూసి అందరినీ అట్లే అనుకుంటాండావు" అని పెట్టేసింది. అప్పటి నుంచి నా ఫోను ఎత్తడం లేదు. నువ్వు చెబితే వింటుంది. చెప్పవా?

కృప

*

యెమ్మిగనూరు
20 డిసెంబరు 2023

అమ్మా కృపా,

క్రిస్మస్ దీవెనలు నీకు అందాలని ఇప్పుడే రాస్తున్నాను, ఎప్పుడు అందుతుందో నీ మంచుకే తెలియాలి.

ఒక కొమ్ము కుళ్లిపోయింది. రెండు చిగిర్చాయి. నువ్వు అన్నట్టే అచ్చం వసే, కత్తిలాంటి ఆకు, విసనకర్రలా పరుచుకుని. మీ అత్త ఉంటే ఎంత మురిసేదో.

చెవుల పరీక్ష సంగతి పక్కింటికి వినపడకుండా స్వప్నతో చెప్పడానికి పలక తీసుకున్నాను. "చెవి" అని రాయగానే చేతిలోంచి లాక్కుని తుడిచేసింది. ఒళ్లో బిడ్డ, కళ్లలో నీళ్లు. నా జబ్బే ఆ బిడ్డకు అంటిందన్న భయం నాకు లేదనుకుంటున్నావా?

అందుకే నాకు తోచిన దారి ఒకటుంది. నీకూ స్వప్నకూ పసితనంలో మాటలు త్వరగా రావాలని మీ అమ్మ వస పోసింది. నువ్వు తొమ్మిదో నెలకే వసపిట్టలా వాగేదానివి. సువార్తకు ఆ పని ఎవరూ చేయలేదు. ఎండబెట్టిన కొమ్ము సిద్ధంగా ఉంది. క్రిస్మస్ రోజు ఉదయం ప్రార్థన చేసి, ఆముదపు దీపం మీద కాల్చి, సానరాయి మీద తేనెతో అరగదీసి నాలుకకు రాస్తాను. స్వప్న ఒప్పుకుంది. "యాడిది మామా?" అని అడిగింది. "మీ అక్క పరీక్ష చేసి పంపినది" అన్నాను. అది వినగానే నీ మీద కోపం కొంచెం తగ్గినట్టు కనిపించింది. నెల రోజుల్లో మీరిద్దరూ మాట్లాడుకుంటారు చూడు.

సంతోషంతో,
మామ

*

కింది పల్లె, టీ కొట్టు
11 జనవరి 2024

మామా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. అది వస కాదు. అది వస కాదు మామా. ఏ ఐరిస్ కొమ్మయినా కడుపులోకి పోతే విషమే, పేగులు కాలిపోతాయి. ఆకు ఒకలాగే ఉంటుంది, అంతే. వస ఆకు నలిపితే ఘాటు వాసన, దీనికి ఉండదు. ఈ ముక్క నేను అక్టోబరులోనే రాయాల్సింది. "మన వస" అంటే నువ్వు ముద్దుగా పిలుస్తున్నావనుకున్నాను.

తెల్లారగానే మంచులో దిగాను. ఐదు గంటలు పట్టింది. స్వప్న ఎత్తలేదు. జోయల్ ఎత్తాడు.

"వదినా, పాపకు ఇప్పుడు పర్లేదు. కర్నూలు ఆస్పత్రిలో ఉంటిమి పది దినాలు. నెత్తురు విరేచనాలయినాయి. నువ్వు పంపిన వేరుతోనేనంట గదా వదినా?"

నేను చెప్పబోయేలోపు లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు. మూడు గంటల నుంచి ప్రయత్నిస్తున్నాను. కొట్టు అతను మూడో టీ ఇచ్చి, చీకటి పడేలోపు పైకి చేరలేవు, రాత్రికి ఇక్కడే ఉండమని చెబుతున్నాడు.

ఈ ఉత్తరం వల్ల ఇప్పుడు ఏ లాభమూ లేదని తెలుసు. అయినా రాస్తున్నాను. మిగిలిన మొక్కలు పీకి పూడ్చెయ్యి. ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఏం జరిగిందో దాచకుండా అంతా రాయి.

కృప

*

యెమ్మిగనూరు
28 జనవరి 2024

కృపా,

అంతా రాయమన్నావు, రాస్తున్నాను.

క్రిస్మస్ రోజు ఆదోనిలో వాళ్లింట్లో రెండు చుట్లు అరగదీశాను. పాప మూతి తిప్పుకుంది, ఉమ్మేసింది. వస కారంగా ఉంటుంది కదా అనుకున్నాం. రెండో రోజు, మూడో రోజు కొంచెం వాంతి. స్వప్న "చాలు మామా" అంది. నేనే "మొదట్లో అట్లాగే ఉంటుంది" అన్నాను. నాలుగు రోజులైనా ఒక్క మాటా రాలేదని, ఐదో రోజు ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ అరగదీశాను. ఈ చేత్తోనే. ఆ మధ్యాహ్నానికి నోరంతా పొక్కింది, విరేచనంలో నెత్తురు పడింది. ఆదోనిలో డాక్టరు చూసి కర్నూలుకు తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు పిలుస్తున్నారో నాకు తెలియదు. అద్దంలో స్వప్న నోరు మాత్రం కనబడింది, తెరుచుకునే ఉంది.

ఆస్పత్రిలో చేరిన ఆరో రోజుకు పాప తేరుకుంది. ఏడో రోజు ఉదయం నేను మంచం పక్కన కూర్చుని దానికి కాగితంతో పడవ చేసిస్తున్నాను. కాసేపటికి తలెత్తితే వార్డంతా ఇటే చూస్తోంది. లేడీ డాక్టరు నన్నూ పాపనూ మార్చి మార్చి చూస్తోంది. జోయల్ ముఖం పాలిపోయింది. ఏమైందని అడిగితే ఆస్పత్రి చీటీ వెనక రాసిచ్చాడు: "నర్సు చేతిలోంచి స్టీలు ట్రే మీ వెనకాలే కింద పడింది. అందరూ ఉలిక్కిపడినారు. మీరు, పాప తిరగలేదు."

పాపను నిద్రపుచ్చి, తలకు వైర్లు అతికించి పరీక్ష చేశారు. రెండు చెవులూ వినపడవు. డాక్టరమ్మ నా కోసం కూడా విడిగా ఒక కాగితం మీద రాసింది, పెద్ద అక్షరాలతో: "ఇది పుట్టుకతో వచ్చింది. మీరు ఇచ్చిన వేరుకు, దీనికి సంబంధం లేదు. త్వరగా వినికిడి మిషన్లు పెట్టించాలి."

నేను ఆ కాగితం స్వప్నకు చూపించాను. చదివింది. తర్వాత నా ముఖానికి దగ్గరగా వచ్చి, నేను చదవగలిగేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నా బిడ్డ ముందు వింటాండె. నేను పిలిస్తే తిరుగుతాండె. మీ వేరు దాని చెవులు తీసకపాయ. నువ్వూ, ఆ చదువుకున్న మా అక్కా."

మొక్కలు పీకేశాను. కృపా, నువ్వు పరీక్షించినవని రాశావు కదా. నేను ఎక్కడ తప్పు చదివానో మళ్లీ మళ్లీ నీ ఉత్తరం తీసి చూస్తున్నాను. నాకు కనిపించడం లేదు.

దేవదాసు

*

కొండ తోట
20 ఫిబ్రవరి 2024

మామా,

నువ్వు తప్పు చదవలేదు. నేను తప్పు రాశాను.

నాలుగు కొమ్ముల్లో రెండే తోటవి. మిగతా రెండూ రాఘవేంద్ర బయలుదేరే ముందు, పొట్లం చిన్నదిగా ఉందని, కట్టెలు తెచ్చే ఒక ముసలమ్మ కొంగులోంచి తీసి వేశాను. ఏ కొండవో అడగలేదు. పూత చూడలేదు. నంబరు లేదు. ఊళ్లో మామ కుండీలో పెట్టుకునేదానికి ఇంత పట్టింపు ఎందుకులే అనుకున్నాను. తర్వాత నువ్వు అడిగితే, బండి వెళ్లిపోతుందన్న తొందరలో "పరీక్షించినవే" అని రాశాను. నువ్వు ఎండబెట్టింది ఏ కొమ్మో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. తోటదైనా విషమే అనుకో. కానీ అది వస కాదన్న ఒక్క మాట ఆ చీటీలో రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఇక్కడ దేశంలోని పెద్ద పెద్ద వాళ్లు పంపిన మొక్కలను అనుమానించి తిప్పి పంపిస్తాను. ఇంటికి పంపేదాన్ని మాత్రం చూడలేదు.

స్వప్నకు విడిగా ఒక కవరు పంపాను. ఐరిస్ విషం పేగులకే తప్ప చెవులకు పోదని నాతో ఇక్కడే ఉన్న మా పెద్దసారు సంతకం చేసిన కాగితం, పుస్తకాల్లోని పేజీలు, అన్నిటికీ నేను తెలుగులో రాసిన వివరణ. డాక్టరమ్మ చెప్పినదీ ఇదీ ఒకటేనని తనకు అర్థమవుతుంది. నువ్వు కూడా ఆదోని వెళ్లి, తప్పు మీ అక్కది, కొమ్ము చూడకుండా పంపింది, నన్ను నమ్మించింది అని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

కనుమ ఇంకా తెరుచుకోలేదు. రోజూ పొద్దున లేచి ఆ తెల్లటి గోడనే చూస్తున్నాను. సెలవు చీటీ రాసి పెట్టుకున్నాను, దారి లేదు.

కృప

*

యెమ్మిగనూరు
15 మార్చి 2024

అమ్మా కృపా,

నీ కవరు స్వప్న విప్పలేదు. జోయల్ తెచ్చి నాకు ఇచ్చాడు. విప్పి నేను చదివాను. అన్నీ నిజాలే. ఎంత బాగా రాశావో! కానీ తల్లీ, ఆమెకు ఇప్పుడు నిజం పనికిరాదు. బిడ్డ ఒకప్పుడు విన్నదన్న నమ్మకం ఒక్కటే ఆమెకు మిగిలింది. అది కూడా లాగేసుకుంటే ఆమె దేన్ని పట్టుకుంటుంది?

మొన్న ఆదివారం ఆదోని వెళ్లాను. నువ్వు చెప్పమన్నది చెప్పలేదు. వేరేది చెప్పాను.

"మీ అక్క నవంబరులోనే రాసింది. ఇది వస కాదు, విషం, ఎవరికీ పెట్టొద్దు అని. నేనే ఆ ఉత్తరం దాచినాను. నాకే తెలుసనుకున్నా" అన్నాను.

"యాడుంది ఆ ఉత్తరం?" అంది.

"చింపేసినా."

నా ముఖం చూసింది. నమ్మింది. నేను ఎన్నడూ అబద్ధం ఆడలేదు కదా, అందుకు నమ్మింది. తర్వాత పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లింది. జోయల్ నన్ను బస్టాండు దాకా దిగబెట్టి, పలక అడిగి తీసుకుని రాశాడు: "మామా, కొన్నాళ్లు రావద్దు అంటాంది. ఏమనుకోవద్దు."

నేనేమీ అనుకోలేదు. నువ్వు కోపం తెచ్చుకోవద్దు. ఆలోచించు. ప్రతి సోమవారం కర్నూలు తిప్పాలి. మిషన్లు, తర్వాత ఆపరేషను అంటున్నారు, ఆ తర్వాత చదువు. వాళ్లిద్దరికీ కాగితాలు చదివి, డాక్టర్లతో మాట్లాడి, దారి చూపించే మనిషి కావాలి. అది నేను కాలేను. ఆస్పత్రిలో నా పేరు పిలిచినా నాకు తెలియదు. అది నువ్వే. ఆ తలుపు నీకు మూసుకోకూడదు. మనలో ఒకరే లోపలికి పోగలిగితే, ఆ ఒకరు నువ్వు కావాలి. అరవై తొమ్మిదేళ్ల చెవిటివాడికి ఒక ఇల్లు తగ్గితే ఏమంత?

దీన్ని చెడగొట్టొద్దు. ఇది మామ మాటగా కాదు, నిన్ను వేడుకుంటున్నాను.

దేవదాసు

*

ఆదోని
11 మే 2024

మామా,

కనుమ మే ఒకటిన తెరిచారు. నేను ఇక్కడికి వచ్చి నాలుగు రోజులైంది. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండి ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకుంటావు. చెబుతాను.

నీ మాట వినకూడదనే వచ్చాను. రెండు రాత్రులు రైల్లో, స్వప్నతో ఏం చెప్పాలో వరుసగా పేర్చుకున్నాను. మామ అబద్ధం ఆడాడు, అలాంటి ఉత్తరం నేను రాయలేదు, తప్పు నాది. మూడు మాటలే. గడప దగ్గరే చెప్పేయాలనుకున్నాను.

తలుపు తీసి స్వప్న నా మెడ పట్టుకుని ఏడ్చింది. "అక్కా, నువ్వు వద్దని రాసినావంట. నేను నిన్ను ఎన్ని మాటలంటి! తెలీక అంటి అక్కా. ఆయప్ప పేరు మాత్రం ఈ ఇంట్లో ఎత్తొద్దు" అంది. నేను దాని వీపు నిమిరాను. అప్పుడు చెప్పలేదు. ముందు ఏడుపు ఆగనీ అనుకున్నాను.

సువార్త చెవులకు మిషన్లు పెట్టారు. ఐదు నిమిషాలకోసారి పీకి పారేస్తుంది. స్వప్న ఓపికగా మళ్లీ పెడుతుంది. రెండో రోజు అన్నం తినేటప్పుడు "స్వప్నా, ఆ ఉత్తరం సంగతి..." అని మొదలుపెట్టాను. "తెలుసులే అక్కా, దాని గురించి నువ్వు బాధపడద్దు" అని నా కంచంలో ఇంకో ముద్ద పెట్టింది. తిన్నాను. సోమవారం కర్నూలుకు నాతో రా అంది, సరే అన్నాను. నిన్న జోయల్, "వదినా, నువ్వు వచ్చినాకనే స్వప్న సరిగా నిద్రపోతాంది" అన్నాడు. పాప పారేసిన మిషను తీసి అతని చేతికిచ్చాను.

నాలుగు రోజులు మామా. చెప్పడానికి ఎవరూ అడ్డం రాలేదు. నాకే నోరు రాలేదు. దాని ఇంట్లో కూర్చుని, నీ మీద దాని కోపం వింటూ, తల ఊపుతున్నాను. ఇవాళ మధ్యాహ్నం అది నిన్ను ఒక మాట అంది. ఇక్కడ రాయలేను. దానికీ ఊపాను.

ఇది నీ ఎదురుగా చెప్పాలంటే నువ్వు పెదవులు చదివేలా ఒక్కో మాటా విడదీయాలి. అలా ముక్కలు చేసి చెప్పే మాట కాదు. పలక మీద రాసి, నువ్వు చదువుతుంటే నీ ముఖం చూసే ధైర్యం లేదు. అందుకే పోస్టు చేస్తున్నాను. మంగళవారానికి నీకు అందుతుంది. బుధవారం పొద్దున బస్సుకు వస్తాను. స్వప్నకు మంత్రాలయంలో స్నేహితురాలిని చూడటానికి పోతున్నానని చెప్పాను.

చదివాక తలుపు తీయాలనిపించకపోతే తీయొద్దు. నేను మెట్ల మీద కూర్చుంటాను. సాయంత్రం బస్సు దాకా ఉంటాను.

కృప